రమ్మీ ప్రశ్నోత్తరాలు: ముందు లైఫ్, తర్వాతే జోకరు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు పదమూడు ముక్కల రమ్మీ ఇప్పుడిప్పుడే మొదలుపెట్టినవాళ్లవి. ఒకే సందేహాన్ని నలుగురైదుగురు అడిగిన చోట ప్రశ్నలు కలిపేశాం. రమ్మీ నియమాలు అన్నిచోట్లా ఒక్కలా ఉండవు. తేడా వచ్చే చోట ఆ సంగతి చెప్పాం. ఇస్పేటు, కళావరు, ఆఠీను, డైమను అనే నాలుగింటినీ ‘జాతులు’ అని రాశాం. ‘రంగు’ అంటే ఎరుపు, నలుపు అనుకుని తికమకపడతారని.

ప్రశ్న: మేం నలుగురం. ఇంట్లో ఒక్క పేకే ఉంది. సరిపోతుందా? పెట్టెలో వచ్చిన జోకర్లన్నీ ఉంచాలా?

సరిపోదండీ. ఒక్క పేకతో ఇద్దరు ఎలాగో లాగించవచ్చు. ఇద్దరి నుంచి ఆరుగురి దాకా మామూలుగా వాడేది రెండు పేకలు. ఏడో మనిషి కూర్చుంటే మూడోది కలపాలి. ఒక్కో పేకలో 52 ముక్కలు, ఒక అచ్చు జోకరు ఉంచండి. రెండూ కలిపితే 106 అవుతాయి. పెట్టెలో అదనంగా వచ్చిన జోకర్లు పక్కన పెట్టేయండి. రెండేసి ఉంచుకుని 108తో ఆడేవాళ్లూ ఉన్నారు, అదీ తప్పు కాదు. పంచకముందే అందరూ ఒక మాట అనుకుంటే చాలు.

కొత్త పేకనూ పాత పేకనూ కలపకండి. నలిగిన మూలలు, మడత గీతలు చూసి గుట్ట మీది ముక్క ఏదో చెప్పేవాళ్లుంటారు. మొదలుపెట్టే ముందు జాతి జాతికీ లెక్కపెట్టండి. రెండు పేకలకు జాతికి 26 రావాలి. ఇస్పేటు 9 ఒకటి సోఫా కింద పడి ఉందనుకోండి, ఆటంతా దాని కోసం కాచుకుని కూర్చునేది మీరే కావచ్చు.

కలిపేటప్పుడు తొందరపడొద్దు. కిందటి ఆటలో పరిచిన వరసలూ సెట్లూ అలాగే గుట్టలోకి పోతాయి. రెండు మూడుసార్లు పైపైన కలిపి పంచితే అవే ముక్కలు పక్కపక్కనే తిరిగొస్తాయి. 106 ముక్కలు ఒక్క చేతిలో పట్టవు కాబట్టి రెండు మూడు కట్టలు చేసి, ఒకదాని ముక్కలు ఇంకోదానిలోకి దూర్చి, మళ్లీ విడదీసి, ఏడెనిమిదిసార్లయినా కలపండి. తర్వాత పక్కవాళ్లతో కోయించండి.

ప్రశ్న: పంచిన దగ్గర్నుంచి ఆట ఎలా సాగుతుందో వరసగా చెప్తారా? చూస్తూ నేర్చుకుందామంటే వాళ్ల వేగం అందడం లేదు.

ఒక్కో ముక్క చొప్పున తలా పదమూడు పంచుతారు. మిగిలినది మూసిన గుట్ట. దానిలోంచి ఒక ముక్క తీసి, బొమ్మ కనపడేలా గుట్ట కింద అడ్డంగా సగం దూరుస్తారు. అదే కట్ జోకరు. అది డైమను 6 అయితే ఆ ఆటకు అన్ని జాతుల ఆరులూ జోకర్లే, అంటే ఇంకే ముక్కకైనా బదులుగా నిలబడగలవు. గుట్ట పైనున్న ఇంకో ముక్కను పక్కన తెరిచి పెడతారు. పారేసిన ముక్కలన్నీ ఇక దాని మీదే పడతాయి.

మీ వంతు వచ్చినప్పుడు చేసేవి రెండే పనులు. మూసిన గుట్ట మీద నుంచో, తెరిచినవాటిలో పైనున్నదో, ఒక ముక్క ఎత్తాలి. పద్నాలుగులో ఒకటి తెరిచి వేయాలి. తెరిచినవాటిలో పైది తప్ప అడుగువి ఎత్తకూడదు. ఎత్తడం మరిచిపోయి వేస్తే చేతిలో పన్నెండే మిగులుతాయి, వేయడం మరిచిపోతే పద్నాలుగుంటాయి. కొత్తవాళ్లకు జరిగే పొరపాట్లలో మొదటిది ఇదే. అందుకని వంతు అయ్యాక మొదటి రెండు మూడు రోజులు ముక్కలు లెక్కపెట్టుకోండి, నామోషీ ఏం లేదు.

చేతిలో సర్దుకునేటప్పుడు నలుపు, ఎరుపు, నలుపు, ఎరుపు వచ్చేలా జాతులు పెట్టుకోండి. ఆఠీను పక్కన డైమను పెట్టుకుంటే 7, 8, 9 ఎర్రగా వరసగా కనపడతాయి. సంబరపడి షో చెప్పాక, అంటే అన్నీ కుదిరాయని ముక్కలు పరిచాక, చూస్తే 8 ఒక్కటి డైమను అయి ఉంటుంది.

ప్రశ్న: లైఫ్, ప్యూర్, సీక్వెన్స్, సెట్ అని ఏవేవో అంటున్నారు. షో చెప్పడానికి అసలు చేతిలో ఏముండాలి?

ఒకే జాతిలో వరస అంకెలు మూడో, అంతకన్నా ఎక్కువో ఉంటే సీక్వెన్స్. ఒకే అంకె, వేర్వేరు జాతుల్లో మూడో నాలుగో ఉంటే సెట్. దాన్నే ట్రిప్లెట్ అనీ అంటారు. జోకరు సాయం లేకుండా కట్టిన సీక్వెన్స్ ప్యూర్. ఆ మొదటి ప్యూర్‌నే లైఫ్ అంటారు. అది లేనిదే చేతిలో మిగతావి ఎన్ని కుదిరినా ప్రాణం లేనట్టే.

షోకు కావలసినవి: కనీసం రెండు సీక్వెన్సులు, వాటిలో ఒకటి ప్యూర్. మిగిలిన ముక్కలు సీక్వెన్సులుగానో సెట్లుగానో ఎలా కుదిరినా సరే. పదమూడులో ఒక్కటి కూడా విడిగా మిగలకూడదు. మామూలుగా మూడు, మూడు, మూడు, నాలుగుగా విడగొడతారు. సెట్ ఒక్కటీ లేకుండా అన్నీ సీక్వెన్సులే అయినా ఆటే.

ఆసు రెండు వైపులా పనికొస్తుంది. ఆసు, 2, 3 కుదురుతుంది. రాణి, రాజు, ఆసు కుదురుతుంది. రాజు, ఆసు, 2 మాత్రం కుదరదు. ఆసు మీదుగా చుట్టు తిరగడం ఉండదు.

సెట్‌లో ఒకే జాతి రెండుసార్లు రాకూడదు. రెండు పేకలు కలిపాం కాబట్టి ఆఠీను 7 రెండుంటాయి. ఆఠీను 7, ఆఠీను 7, డైమను 7 పక్కపక్కన పెట్టుకుని సెట్ అయిందనుకోవడం మామూలే. అది సెట్ కాదు. రెండో ఆఠీను 7 బరువే తప్ప ఆ సెట్‌లో దానికి చోటు లేదు.

ప్రశ్న: కట్ జోకరు 6 పడింది. నా దగ్గర ఇస్పేటు 5, 6, 7 ఉన్నాయి. ‘మధ్యలో ఉన్నది జోకరు కదా, ప్యూర్ కాదు’ అని మా బావ వాదన. నిజమేనా?

మీ బావగారు పొరబడ్డారు. ఇస్పేటు 6 తన చోటులో తానే ఉంది, ఇంకో ముక్కకు బదులుగా నిలబడలేదు. కాబట్టి అది ప్యూరే. ఇస్పేటు 5, ఆఠీను 6, ఇస్పేటు 7 అయితే ఆయన మాట నిజమయ్యేది. అక్కడ ఆఠీను 6 వేరే ముక్క చోటులో కూర్చుంది కనుక అది జోకరు పెట్టిన సీక్వెన్సే.

అయితే లైఫ్ కోసం ఒక జోకరును ఖర్చు పెట్టడం దండగ కదా అని అడగొచ్చు. మా లెక్కలో దండగ కాదు. జోకరు ఎన్ని చోట్లయినా పనికొస్తుంది గానీ లైఫ్‌ను మాత్రం కట్టలేదు. చేతిలో మూడు జోకర్లుండి లైఫ్ లేనివాడికన్నా, ఒక్క జోకరూ లేకుండా లైఫ్ ఉన్నవాడే నిశ్చింతగా ఉంటాడు. తర్వాత ఇంకో ప్యూర్ పడితే అప్పుడు ఆరును విడిపించుకుని వేరే చోట వాడుకోండి.

జోకర్లు ఎన్ని ఉన్నాయో కూడా తెలిసి ఉండాలి. రెండు పేకల్లో ఆరులు ఎనిమిది. ఒకటి గుట్ట కింద పడుకుంది, మిగిలినవి ఏడు. అచ్చు జోకర్లు రెండు కలిపితే మొత్తం తొమ్మిది. పంచినప్పుడు సగటున మనిషికి ఒకటి వస్తుంది. రెండొస్తే అదృష్టం. ఒక్కటీ రాలేదని కంగారుపడే పనీ లేదు.

కట్ జోకరుగా అచ్చు జోకరే పడితే ఎక్కువచోట్ల ఆసులన్నీ జోకర్లవుతాయి. ఈ ఒక్కటీ ముందే అడిగి పెట్టుకోండి. మధ్యలో తేలితే గొడవే.

ప్రశ్న: ఎదుటివాళ్లు షో చెప్పాక నా కౌంటు ఎలా వేయాలి? మూడు రాజులు సెట్ అయి ఉన్నా వాటినీ లెక్కలో వేశారు. ఇదేం న్యాయం?

న్యాయమేనండీ. కౌంటు అంటే ఓడినవాళ్ల చేతిలో చెల్లని ముక్కల పాయింట్లు, ఎంత తక్కువైతే అంత మేలు. లెక్క ఇలా ఉంటుంది. ఆసు, రాజు, రాణి, జాకీ తలా 10. అంకెల ముక్కలకు వాటి అంకె ఎంతో అంత. జోకర్లకు సున్నా. ఎంత పోగైనా 80 దాటి వేయరు. అదే ఫుల్ కౌంటు.

ఒకే చేతిని మూడు విధాలుగా చూద్దాం. జోకరు 6 అనుకోండి.

మొదట: ఇస్పేటు 8, 9, 10. ఆఠీను 3, 4, వాటి పక్కన జోకరుగా కళావరు 6. ఇస్పేటు, డైమను, కళావరు రాజులు మూడు. విడిగా మిగిలినవి డైమను 9, కళావరు జాకీ, ఇస్పేటు 5, ఆఠీను 7. లైఫ్ ఉంది, రెండో సీక్వెన్సూ ఉంది. కాబట్టి రాజుల సెట్ చెల్లుతుంది. విడివి మాత్రమే కలపండి: 9, 10, 5, 7. మొత్తం 31.

రెండోసారి అంతా అదే, కళావరు 6 బదులు ఇస్పేటు ఆసు ఉందనుకోండి. లైఫ్ ఉంది గానీ రెండో సీక్వెన్స్ లేదు. అప్పుడు లైఫ్ ఒక్కటే తప్పించుకుంటుంది. రాజులు 30, ఆఠీను 3, 4 కలిసి 7, ఆసు 10, విడివి 31. మొత్తం 78. మీకు జరిగింది బహుశా ఇదే.

మూడోసారి, మొదటి చేతిలోనే ఇస్పేటు 9 బదులు డైమను 6 ఉందనుకోండి. ఇస్పేటు 8, జోకరు, 10. చూడటానికి సీక్వెన్సే, చేతిలో రెండు జోకర్లు కూడాను! కానీ లైఫ్ లేదు. జోకర్లు తప్ప అన్నీ లెక్కలోకొస్తాయి: 18, 7, 30, 31 కలిపి 86. 80 దగ్గర ఆపుతారు.

ఒక్క ముక్క తేడాతో 31 కాస్తా 78, ఇంకో ముక్క తేడాతో 80. రెండు సీక్వెన్సులు పూర్తయ్యేదాకా సెట్‌ను ఆస్తి కింద రాసుకోకండి.

ప్రశ్న: ఇస్పేటు 4, 5, 6, 7. మూడు తొమ్మిదులు, మూడు రాణులు, మూడు రెండులు, అన్నీ వేర్వేరు జాతులే. ఒక్క ముక్క కూడా మిగల్లేదు. అయినా తప్పు షో అని 80 వేశారు.

చూడముచ్చటైన చేయి, కానీ తప్పు షోనే. సీక్వెన్స్ ఒక్కటే ఉంది. నాలుగు ముక్కల సీక్వెన్స్‌ను రెండుగా చీల్చలేం, దానికి కనీసం ఆరు కావాలి. అదే 4 నుంచి 10 దాకా ఏడు ముక్కలుండి ఉంటే 4, 5, 6 ఒకటి, 7, 8, 9, 10 ఒకటి అని విడగొట్టి చూపిస్తే రెండు ప్యూర్లు అయ్యేవి. ఒక్కటిగానే పరిస్తే ఒక్కటే అంటారు. విడగొట్టి పరవడం మీ పని.

షో చెప్పే పద్ధతి కూడా తెలిసి ఉండాలి. పదమూడూ కుదిరితే సరిపోదు, మీ వంతు రావాలి, ఒకటి ఎత్తాలి, ఆ పద్నాలుగోదాన్ని బోర్లించి వేసి అప్పుడు షో అనాలి. పరిచాక మార్చుకోనివ్వరు. కాబట్టి నోరు తెరవకముందు చేతిలోనే లైఫ్, రెండో సీక్వెన్స్, మిగిలినవి అని ఆ వరసలో వేళ్లతో విడదీసి చూసుకోండి. తప్పు షోకు సాధారణ కారణాలు నాలుగే: రెండో సీక్వెన్స్ లేకపోవడం, సెట్‌లో ఒకే జాతి రెండుసార్లు రావడం, ఎరుపులో ఎరుపు కలిసిపోవడం, కిందటి ఆట జోకరును ఈ ఆటలోనూ జోకరనుకోవడం. చివరిది విని నవ్వకండి, రాత్రి పొద్దుపోయాక అందరికీ జరుగుతుంది.

ప్రశ్న: ఏ ముక్క ఉంచుకోవాలి, ఏది పారేయాలి? నేను వేసినదల్లా పక్కవాళ్లకే పనికొస్తోంది.

దీనికి కొంచెం లెక్క ఉంది. మీ చేతిలోని జతకు ఎన్ని ముక్కలు తగులుతాయో చూసుకోండి, జోకర్లు పక్కన పెట్టి. ఇస్పేటు 7, 8 ఉంటే 6 గానీ 9 గానీ కావాలి, ఒక్కోటి రెండేసి కాబట్టి నాలుగు ముక్కలు. ఇస్పేటు 7, 9 ఉంటే 8 ఒక్కటే దారి, రెండే ముక్కలు. ఇస్పేటు 7, ఆఠీను 7 ఉంటే డైమను ఏడులు రెండు, కళావరు ఏడులు రెండు, అంటే నాలుగు. ఇస్పేటు 7, 8తో పాటు ఆఠీను 7 కూడా ఉంటే? 6లు రెండు, 9లు రెండు, మిగతా ఏడులు నాలుగు, మొత్తం ఎనిమిది. ఇలా మూలకు కలిసే మూడు ముక్కలు దొరికితే తొందరపడి విడగొట్టకండి.

లైఫ్ ఇంకా కాలేదంటే సెట్ దారి వదిలి సీక్వెన్స్ దారి పట్టండి. పైన చెప్పిన ఎనిమిదిలో లైఫ్‌కు పనికొచ్చేవి నాలుగే.

చివర్లలో ఉన్న ముక్కలు బలహీనం. 3 నుంచి రాణి దాకా ప్రతి ముక్కా మూడు రకాల మూడు ముక్కల వరసల్లో ఇముడుతుంది. ఆసు, 2, రాజు మాత్రం రెండింటిలోనే. వాటిలో ఆసు, రాజు బరువు 10. జత కట్టని రాజు, ఆసు మొదటి రెండు మూడు వంతుల్లోనే పోవాలి. 2 ఉన్నా నష్టం రెండే కదా, ఉండనివ్వండి.

కట్ జోకరుకు ఇటూ అటూ ఉన్న అంకెలు కూడా బలహీనమే. జోకరు 6 అయితే ఎవరూ 6 పారేయరు. కాబట్టి 5, 7 పెట్టుకుని మధ్యలో 6 వస్తుందని లైఫ్ కోసం కూర్చోవడం వృథా. ఆ 5, 7 పారేస్తే పక్కవాళ్లకు పనికొచ్చే అవకాశమూ తక్కువే. ఏం వేయాలో తోచనప్పుడు ముందు అటు చూడండి.

తర్వాత, ఎదుటివాళ్లు తెరిచినవాటిలోంచి ఏం ఎత్తుకున్నారో గుర్తు పెట్టుకోండి. అన్నీ గుర్తుంచుకోనక్కర్లేదు. మీ తర్వాత కూర్చున్న మనిషి ఒక్కరి ఎత్తుళ్లు చాలు, ఎందుకంటే మీరు వేసింది ముందుగా అందేది వాళ్లకే. వాళ్లు కళావరు 9 ఎత్తుకుంటే కళావరు 7, 8, 10, జాకీ, మిగతా జాతుల తొమ్మిదులు మీ చేతిలోంచి పోకూడదు. మీరూ అంతే, తెరిచిన ముక్క ఎత్తితే మీ చేయి సగం చెప్పేసినట్టే. దానితో లైఫ్ పూర్తయ్యేటట్టయితే ఎత్తండి, జోకరు సాయంతో కట్టుకోగలిగిన చోటికి ఎత్తకండి.

ఎర అనే పాత ఎత్తు ఒకటుంది. మీకు ఇస్పేటు 7, 8 ఉండి ఇస్పేటు 9 కావాలి. చేతిలో విడిగా ఆఠీను 9 ఉంది. దాన్ని వేస్తే, ఇస్పేటు 9 పట్టుకుని ఉన్నవాళ్లు ‘తొమ్మిదులు ఇతనికి అక్కర్లేదు’ అనుకుని వదిలే అవకాశం ఉంది. ఆడి ఆడి ఉన్నవాళ్ల దగ్గర ఇది పారదు. అసలు ఎర వేశారనే తెలిసిపోతుంది.

ప్రశ్న: డ్రాప్ ఎప్పుడు చేయాలి? నాకైతే పారిపోయినట్టు అనిపిస్తుంది.

డ్రాప్ అంటే ఆ ఆట నుంచి తప్పుకుని పడుకోవడం, కొందరి మాటలో స్కూటు. మీ మొదటి వంతులో ముక్క ఎత్తకముందే పడుకుంటే మీ కౌంటు 20. ఆట నడుస్తుండగా, ఎప్పుడైనా మీ వంతులో ఎత్తకముందు పడుకుంటే 40. ముక్క ఎత్తాక కుదరదు.

లెక్క చూడండి. ఆసు నుంచి రాజు దాకా పాయింట్లు కలిపితే 94, పదమూడుతో భాగిస్తే ముక్కకు ఏడుకు పైనే. పదమూడు ముక్కలు పట్టుకుని లైఫ్ లేకుండా దొరికిపోతే ఒకటో రెండో జోకర్లున్నా 80 చుట్టుపక్కలే. అంటే ఒక ఫుల్ కౌంటు నాలుగు మొదటి డ్రాపులతో సమానం. నలుగురైదుగురి ఆటలో లైఫ్ లేదు, లైఫ్‌కు దారి తీసే పక్కపక్క ముక్కల జత ఒక్కటీ లేదు, జోకరూ లేదు అంటే 20 ఇచ్చి లేవండి. జోకరు ఒకటుండి, 7, 8 లాంటి జతలు రెండుంటే కూర్చోవచ్చు. ఇద్దరే ఆడుతుంటే ఇంకాస్త ధైర్యం చేయొచ్చు, షో చెప్పేవాళ్లు ఒక్కరే కదా.

40 డ్రాప్ సంగతి వేరు. మూడు నాలుగు వంతులు తిరిగినా లైఫ్ కాలేదు, కావలసిన ముక్క రెండు ప్రతులూ పారేసినవాటిలో కనపడ్డాయి అంటే అప్పుడు 40 చవకే. లైఫ్ పడ్డాక మాత్రం పడుకోకండి. అక్కడి నుంచి బరువు ముక్కలు దింపుకుంటూ పోతే దొరికినా 40 లోపే తేలే అవకాశం ఎక్కువ.

ప్రశ్న: పూల్ 101, 201 అంటే?

ఓడినవాళ్ల కౌంటు ఆట తర్వాత ఆట కాగితం మీద పేరుస్తూ పోతారు. 101 చేరినవాళ్లు బయటికి. చివరికి మిగిలినవాళ్లు గెలిచినట్టు. 201లోనూ అంతే గానీ డ్రాపులు 25, 50. మళ్లీ ఆటలోకి రావడానికి ఎక్కువగా పాటించే పద్ధతి ఇది: 101లో మిగతా అందరూ 79 లోపు, 201లో 174 లోపు ఉంటేనే వీలు. తిరిగి వచ్చిన మనిషి, ఉన్నవాళ్లలో అందరికన్నా ఎక్కువ కౌంటుకు ఒకటి కలిపి అక్కడి నుంచి మొదలుపెట్టాలి. డీల్స్ అనే పద్ధతిలో ఇన్ని ఆటలని ముందే అనుకుంటారు, డ్రాపులు ఉండవు. నేర్చుకునేవాళ్లకు 201 మంచిది, ఒక తప్పు షోతో ఇంటికి పోరు.

ప్రశ్న: చిన్న చిన్న సందేహాలు. ఎవరైనా పొరపాటున జోకరు పారేస్తే ఎత్తుకోవచ్చా? తెరిచినవాటిలోంచి ఎత్తి అదే ముక్క తిరిగి వేయొచ్చా? గుట్ట అయిపోతే?

పారేసిన జోకరును ఎత్తకూడదు. పంచాక మొదట తెరిచిన ముక్కే జోకరైతే మాత్రం మొదటి వంతువాళ్లు తీసుకోవచ్చు. తెరిచినది ఎత్తి అదే వంతులో దాన్నే వేయడం చాలాచోట్ల ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడమే మేలు. గుట్ట అయిపోతే పారేసినవాటిలో పైముక్క ఒక్కటి ఉంచి, మిగిలినవి కలిపి మళ్లీ బోర్లించండి. అప్పటిదాకా ఏమేం పడ్డాయో గుర్తున్నవాళ్లకు అక్కడి నుంచి పండగే.

ప్రశ్న: రమ్మీ నైపుణ్యం ఆట అని సుప్రీంకోర్టే చెప్పిందట కదా. డబ్బు పెట్టి ఫోన్‌లో ఆడితే తప్పేంటి?

చెప్పిన మాట నిజం. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద పెట్టిన కేసులో 1967లో ఆ తీర్పు వచ్చింది. పడిన ముక్కలు గుర్తుంచుకోవడం, ఉంచుకోవడంలో, పారేయడంలో నేర్పు కావాలి కాబట్టి రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఆట అని, మూడు ముక్కలాట లాంటిది కాదని అంది. అదే తీర్పులో, ఆట నడిపేవాళ్లు పందెం మీద లాభం తీసుకుంటే అది నేరం కావచ్చని కూడా ఉంది. ఆ ముక్క ఎవరూ చెప్పరు. తర్వాత తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ 1974 నాటి గేమింగ్ చట్టాలను సవరించి ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే రమ్మీని ఆపేశాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టమైతే నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా చూడకుండా డబ్బు పందెం ఉన్న ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. డబ్బు లేకుండా కాగితం మీద పాయింట్లు రాసుకుని ఆడే ఆటకు వీటితో పేచీ లేదు.

ప్రశ్న: పదమూడు వచ్చేసింది. ఇరవై ఒక్క ముక్కల ఆట మొదలుపెట్టొచ్చా?

మొదలుపెట్టండి, కానీ అది ఇదే ఆటకు పొడిగింపు అనుకోకండి. మూడు పేకలు కావాలి, ప్యూర్లు మూడు పడాలి. కట్ జోకరు జాతిలోనే దానికి పైఅంకె, కిందిఅంకె ముక్కలు కూడా జోకర్లుగా వస్తాయి, వాటికి వేరే విలువలు ఉంటాయి. ఇరవై ఒకటి చేతిలో పట్టుకోవడమే ఒక విద్య. ముందు పదమూడు ముక్కలను పది సెకన్లలో సర్ది, లైఫ్ ఉందో లేదో, లేకపోతే ఏ ముక్కకు అవుతుందో చెప్పగలుగుతున్నారేమో చూసుకోండి. చెప్పగలిగితే మూడో పేక కొనుక్కోవచ్చు.